నూట నలభై కిలోల అత్తయ్య

లోపల మిషన్ ఆగలేదు.

పదకొండింటికి గడియ పడింది. ఇప్పుడు పన్నెండు దాటింది. కుట్టు గదిలోంచి ధడ్ ధడ్ ధడ్‌మని ఒకటే చప్పుడు. అత్తయ్య నడక చప్పుడు నాకు బాగా తెలుసు. పది వారాలుగా రోజూ రెండు పూటలా వింటున్నాను. ఇది నడక కాదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి ట్రెడ్‌మిల్ మీద పరుగెడుతోంది.

"అమ్మా, తలుపు తియ్యి." వదిన అరచేత్తో తలుపు మీద బాదింది. "మోకాళ్ళు పోతాయే!"

"పోతే పోనీ." మాటకీ మాటకీ మధ్య ఆయాసం. "వాళ్ళు మోకాళ్ళు... అడగలేదుగా. కిడ్నీయేగా... అడిగింది."

"జోకులొద్దు. ముందు దిగు."

"రెండు కిలోలేగా. ఇవాళ దింపేస్తాను. రేపు పొద్దున... మళ్ళీ తూయమందాం."

"ఒక్క పూటలో పిండితే పోవడానికి నువ్వేమన్నా తడిబట్టవా!"

మామూలు రోజైతే ఈ మాటకి నేను పగలబడి నవ్వేదాన్ని. ఈ తల్లీకూతుళ్ళ తగువులు వినడానికే నేను వంటింటి తలుపు ఓరగా తెరిచి ఉంచుతాను. కొత్త కాపురంలో నాకు దొరికిన సంబరాల్లో అదొకటి. ఇవాళ నవ్వు రాలేదు. చేతిలో నీళ్ళ గ్లాసుతో గోడకి అంటుకుపోయి నిలబడ్డాను.

వదిన ఆ గ్లాసు వంక ఒక్కసారి చూసి చూపు తిప్పుకుంది. పిల్లలకి ఈత నేర్పే మనిషి. ఇరవై ఏళ్ళు నీళ్ళల్లోనే గడిపింది. ఇప్పుడు రోజంతటికీ ఆమె తాగదగ్గ నీళ్ళు ఒక చిన్న సీసాడు. ఆమె ముందు గ్లాసు పట్టుకుని నిలబడ్డందుకు సిగ్గేసి దాన్ని వెనక్కి దాచుకున్నాను.

దాచుకోవాల్సింది ఆ గ్లాసు ఒక్కటే అయితే ఎంత బాగుండేది!

పొద్దున ఆసుపత్రిలో అత్తయ్య చెప్పులు విప్పింది, గాజులు తీసింది, మెళ్ళో ఎప్పుడూ వేలాడే కొలత టేపు కూడా తీసి నా చేతికిచ్చింది. "ఇదీ బరువేగా," అని నవ్వి తూకం ఎక్కింది. డెబ్భై నాలుగు. నర్సు మళ్ళీ ఎక్కమంది. మళ్ళీ డెబ్భై నాలుగే. డెబ్భై రెండు దాటితే మత్తిచ్చే డాక్టరు ఒప్పుకోరట. పది వారాల్లో ఆరున్నర కిలోలు తగ్గాల్సింది, నాలుగున్నర తగ్గింది. సోమవారానికి మాకిచ్చిన ఆపరేషన్ తేదీ అక్కడికక్కడే ఇంకొకరికి వెళ్ళిపోయింది. మళ్ళీ రెండు నెలలకి. అప్పటిదాకా వదిన చేతిలో డయాలసిస్ సూది గుచ్చే నరం పనిచేస్తుందో లేదో చెప్పలేం అన్నారు. మా ఆయన రక్తం అక్కకి కలవలేదు. కలిసింది అత్తయ్యది ఒక్కటే.

తిండి పట్టిక రాసిచ్చే డైటీషియన్ కాగితం తిరగేసి, "ఇంట్లో ఏం తింటున్నారో నిజం చెప్పాలమ్మా," అంది. గట్టిగా కూడా అనలేదు. ఇంటికి రాగానే అత్తయ్య గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

వదిన తలుపు కొట్టి కొట్టి అలిసిపోయి కింద కూలబడింది. నన్ను పక్కన కూర్చోమని సైగ చేసింది.

"నిజం చెప్పు. అమ్మ దాచుకుని తినేది కదూ?"

దాచిన గ్లాసుని మెల్లగా నేల మీద పెట్టాను.

"నిన్నేమీ అననులే. కొత్త కోడలివి, అత్తగారి మీద ఏం చెప్తావు. కానీ వంటింట్లో ఉండేది నువ్వేగా. నేను బడిలో ఉంటాను, తమ్ముడు లిఫ్టులు బాగుచేస్తూ వాటిల్లోనే వేలాడుతుంటాడు. చూస్తే నువ్వే చూడాలి. తినేదా?"

లేదు అని ఒక్క మాట. రెండక్షరాలు. ఆ మాటంటే, మరి ఎందుకు తగ్గలేదు అంటుంది. అప్పుడు రెండో మాట చెప్పాలి. ఆ రెండో మాటకి భయపడి మొదటిదాన్ని కూడా మింగేశాను. తల దించుకున్నాను.

"సరే, అర్థమైంది," అంది వదిన. లేచి తలుపుకేసి తిరిగింది. "పది వారాలు ఆగలేకపోయావా అమ్మా? నీ కూతురి కంటే వెన్న రాసిన రొట్టెముక్క ఎక్కువైందా? దొంగతిండి తిని, ఇప్పుడు పరిగెత్తి ఎవర్ని ఉద్ధరిస్తావు!"

మిషన్ ఆగింది.

గడియ తీసిన చప్పుడు. తలుపు మెల్లగా తెరుచుకుంది. అత్తయ్య జుట్టంతా నుదుటికి అంటుకుపోయి ఉంది. జాకెట్టు తడిసి ఒంటికి అతుక్కుంది. ఆమె వదిన వంక చూడలేదు. నా వంక చూసింది.

"పిట్టా," అంది. నా నోరు మూతపడదని ఆమె పెట్టిన పేరు. "నేను తినడం నువ్వు చూశావా?"

వీధి తలుపు దగ్గర మా ఆయన పనిముట్ల సంచి కింద పెట్టిన చప్పుడైంది. నేనే ఫోన్ చేసి పిలిచాను. యూనిఫాం మీద గ్రీజు మరకలతో పరుగెత్తుకొచ్చాడు. ఆయన్ని చూడగానే అత్తయ్య నన్ను వదిలేసి అటు తిరిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

"ఒరేయ్, నేను తినలేదురా. ఆ డైటీషియన్ రాసిచ్చినట్టే తిన్నాను. మిషన్ మీద ఎంత కరిగిందని చూపిస్తే అంతవరకే పైన తిన్నాను. ఆవిడేగా అలా తినొచ్చంది! నీ మిషనే ఏదో చెడిపోయింది. చూడు."

"అమ్మా, ముందు కూర్చో."

"ముందు చూడరా!"

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ముందు మూత విప్పాడు. బెల్టు లాగి చూశాడు, మోటారు మీద చెయ్యి పెట్టి చూశాడు. మూతపడ్డ ఒక జిమ్ నుంచి ఆ మిషన్ కొన్నప్పుడు, తన తోటి లిఫ్ట్ మెకానిక్‌లు ముగ్గురితో కలిసి మూడంతస్తులు మోసుకొచ్చింది ఆయనే. అమ్మ కోసమని స్క్రూ స్క్రూ విప్పి బాగు చేశాడు. అప్పటికి మా పెళ్ళయి ఆరు వారాలు. ఆయన నేల మీద పడుకుని నట్లు బిగిస్తుంటే, ఆ చేతుల్ని చూస్తూ కూర్చోవడం నాకు సినిమా కంటే బాగుండేది. ఆ రోజుల్లో నాకు అన్నీ బాగుండేవి. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఉంటే బాగుండేది. తాళం చెవికి అత్తయ్య కట్టిచ్చిన ఎర్రదారం బాగుండేది.

ఆ బాగుండడంలోనే చేసిన పని ఇది.

మిషన్ ఎక్కగానే ముందు బరువెంత అని అడుగుతుంది. అత్తయ్యకి ఆ చిన్న అక్షరాలు కనపడవు, బటన్లు నేను నొక్కేదాన్ని. మొదటి రోజు పొద్దున ఉన్నదున్నట్టు డెబ్భై ఎనిమిదిన్నర పెట్టాను. అరగంట నడిచి దిగితే నూట ఇరవై ఎనిమిది కేలరీలు చూపించింది.

"ఇంత చెమటకి ఇంతేనా?" అంది అత్తయ్య. "వెన్న రాస్తే ఒక్క రొట్టెముక్కకి సరిపోయింది కదే." ఆమె మొహం వాడిపోయింది. సాయంత్రం ఎక్కనంది. రేపట్నుంచి చూద్దాం అంది.

నాకు ఆ మొహం మళ్ళీ నవ్వాలి. అంతే నాకు కావలసింది. సాయంత్రం బతిమాలి ఎక్కించి, నూట నలభై నొక్కాను. బరువైన మనిషి నడిస్తే ఎక్కువ కరుగుతుంది కాబట్టి మిషన్ ఎక్కువ చూపించింది. రెండొందల ముప్ఫై! అత్తయ్య పిల్లలా చప్పట్లు కొట్టింది. "నా ఒంటికి సాయంత్రాలు పడతాయన్నమాట," అని ఎదురింటావిడకి కూడా చెప్పొచ్చింది. నా బుగ్గ గిల్లి, "నీ చెయ్యి మంచిదే పిట్టా," అంది. ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్రపట్టలేదు.

ఒక్క పూటకే అనుకున్నాను. మర్నాడు ఆ నవ్వు తుడిచెయ్యడానికి చెయ్యి రాలేదు. ఆ తర్వాత నేను నొక్కకపోయినా ఆ బరువు మిషన్‌లో అలాగే ఉండిపోయింది.

కరిగినంత తినొచ్చు అన్న మాట నేనూ విన్నాను. డిగ్రీ చదివాను. ఆ మాటనీ నేను నొక్కిన బరువునీ కలిపి ఒక్కసారి ఆలోచించలేదు. సాయంత్రం ఆమె అంకె చూసి చెప్తే, ఆ అంకెకి సరిపడా రొట్టె కోసి వెన్న రాసిచ్చింది నేనే. పొద్దున తూకం మీద డెబ్భై నాలుగు కనపడ్డప్పుడు గానీ నాకు వెలగలేదు.

మా ఆయన మూత బిగించి లేచాడు. మిషన్ తల మీద బటన్లు ఒక్కొక్కటే నొక్కాడు. ఒకచోట ఆగాడు.

ఆయన వేలు అక్కడే ఉండిపోయింది. తల తిప్పి నా వంక చూశాడు. నాలుగు నెలల్లో ఆయన నన్ను ఎన్నో రకాలుగా చూశాడు. ఇలా ఎప్పుడూ చూడలేదు.

"ఏంట్రా?" అంది అత్తయ్య.

"బరువు... తప్పు పెట్టి ఉందమ్మా. నూట నలభై."

"ఎవరికి?"

"నీకే."

అత్తయ్య నోరు తెరిచి, అంత ఆయాసంలోనూ నవ్వేసింది. "నూట నలభయ్యా! నేనా! నా జాకెట్టు కుట్టాలంటే తానంతా అయిపోయేది."

"ఎవరు పెట్టారు?" అంది వదిన. ఆమె నవ్వలేదు.

నేను నోరు తెరిచాను. నిజంగా తెరిచాను. కానీ ఆయనే ముందు మాట్లాడాడు.

"జిమ్‌లో ఎవరిదో అయ్యుంటుంది. ఇంటికి తెచ్చినప్పుడు నేను సరిచూడాలి. చూడలేదు. నా తప్పే అక్కా."

"చూడలేదా?" వదిన రెండడుగులు ముందుకేసింది. "ఊళ్ళో వాళ్ళ లిఫ్టులన్నీ రెండుసార్లు చూస్తావు. అక్క ప్రాణం దగ్గరికొచ్చేసరికి ఒక్కసారి చూడ్డానికి తీరిక లేకపోయిందా నీకు?"

"తప్పైపోయింది."

"తప్పని చెప్తే తేదీ వెనక్కొస్తుందా? నాకు కనపడకు, పో."

ఆయన సంచి తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాడు. వదిన తల్లి కాళ్ళ దగ్గర కూర్చుంది. "అమ్మా, నేను ఊరికే..." అని ఆగిపోయింది. అత్తయ్య, "సర్లే," అంది. మామూలుగా అయితే ఆ తల మీద చెయ్యి వేసేది. వెయ్యలేదు. చెమట తుడుచుకోవడానికి, మళ్ళీ మెళ్ళో వేసుకున్న టేపుని తువ్వాలనుకుని మొహం మీదికి లాక్కుంది.

నేను ఆయన వెనకే వెళ్ళాను.

ఆయన చేతులు కడుక్కుంటున్నాడు. గ్రీజు ఎప్పుడో పోయింది, ఇంకా రుద్దుతూనే ఉన్నాడు.

"ఎందుకలా చెప్పారు?"

"నువ్వెందుకలా చేశావు?"

"అత్తయ్య నవ్వుతుందని."

ఆయన కుళాయి కట్టేశాడు. తడి చేతులు యూనిఫాంకి తుడుచుకున్నాడు.

"నాకు అక్కతో ముప్ఫై ఏళ్ళ తగువులున్నాయి," అన్నాడు. "చిన్నప్పుడు తన సైకిలు బావిలో పడేశాను. అదీ క్షమించింది. ఇదీ ఎప్పటికైనా క్షమిస్తుంది. నీకు అక్కతో నాలుగు నెలలే. నిన్ను ఎప్పటికీ క్షమించదు."

"మీరు క్షమిస్తారా?"

"ఇప్పుడు నన్నేమీ అడగకు." ఆ గొంతు నాకు కొత్త. "నోరు విప్పితే ఏమంటానో నాకే తెలీదు. వెళ్ళు."

కోపంగా అరిచినా బాగుండేది. పెళ్ళయ్యాక ఇది మా మొదటి పోట్లాట. మొదటి పోట్లాట ఎలా ఉంటుందోనని ఎన్నిసార్లో ఊహించుకుని నాలో నేనే నవ్వుకున్నాను. అలక ఉంటుంది, బుజ్జగింపు ఉంటుంది అనుకున్నాను. ఇందులో రెండూ లేవు.

కుట్టు గదిలో అత్తయ్య ఒక్కతే ఉంది. మిషన్ అంచు మీద కూర్చుని మోకాలు నొక్కుకుంటోంది. వదిన తన గదిలోకి వెళ్ళినట్టుంది. మూడింటికి ఆమెకి డయాలసిస్.

"తలుపు దగ్గరికెయ్యి," అంది అత్తయ్య.

వేశాను.

"వాడు బాగుచేసింది మోటారు. బటన్లు నొక్కింది నువ్వు. పక్కనే నిలబడి చూశాను కదే నేను. మొదటి రోజు పొద్దున డెబ్భై ఎనిమిదిన్నర అని నోటితో చదివి మరీ నొక్కావు. సాయంత్రం చదవలేదు."

ఆమె ముందు నేల మీద కూర్చుండిపోయాను.

"అత్తయ్యా..."

"ఏడవకు. నాకు ఏడ్చేవాళ్ళని చూస్తే ఆకలేస్తుంది." ఆ మాట అన్నా ఆమె మొహంలో నవ్వు లేదు. "నాకూ బుద్ధుండాలి. నలభై ఏళ్ళుగా మనుషుల్ని కొలుస్తున్నాను. నా నడుం టేపుతో కొలిస్తే తగ్గాల్సినంత తగ్గలేదు. చూశాను. చూసి కూడా, మిషన్ చెప్తోంది కదా, పిట్ట చెప్తోంది కదా అనుకున్నాను. పొగిడితే ఎవరికి చేదు?"

"నేనే వదినకి చెప్తాను."

"చెప్పకపోతే నేను చెప్తాను. నా కొడుకు చెయ్యని తప్పు నెత్తిన వేసుకుని ఉంటే చూస్తూ కూర్చోను. ఈ పాటికే అక్కాతమ్ముళ్ళ మధ్య మాటలు పోయాయి. వెళ్ళు."

వదిన సంచి సర్దుకుంటోంది. పల్చటి దుప్పటి, మేజోళ్ళు. అక్కడ నాలుగు గంటలు పడుకుంటే చలేస్తుంది ఆమెకి. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. దగ్గరికి వెళ్తే చెప్పలేనని తెలుసు.

"వదినా, ఆ నూట నలభై పెట్టింది నేను. ఆయన కాదు. అంకె ఎక్కువ కనిపిస్తే అత్తయ్య సంతోషంగా నడుస్తుందని పెట్టాను."

దుప్పటి మడత మధ్యలో ఆమె చేతులు ఆగాయి. మళ్ళీ కదిలాయి. మడతపెట్టి సంచిలో దూర్చింది.

"ఎప్పుడు తెలిసింది నీకు, దానివల్లే తగ్గలేదని?"

"పొద్దున. తూకం దగ్గర."

"మరి నేను అడిగినప్పుడు?"

నేను గుమ్మం చెక్కని పట్టుకున్నాను.

"తలుపు దగ్గర అడిగాను. అమ్మ దాచుకుని తినేదా అని. తల దించుకున్నావు. ఆ దించుకున్న తల చూసి నేను అమ్మని దొంగన్నాను." ఆమె గొంతు పెంచలేదు. "అంకె మార్చావు, పోనీ, చిన్నపిల్లవి. రెండు కిలోలు ఎలాగోలా పోతాయి. నేనన్న మాట ఎలా పోతుంది? చెప్పు. దాన్ని ఏ మిషన్ ఎక్కించి కరిగించను?"

"తప్పైపోయింది వదినా. మీరేం చెయ్యమంటే..."

"ఏమీ చెయ్యకు." సంచి భుజానికి తగిలించుకుంది. "అమ్మని ఇంక ఆ మిషన్ ఎక్కనివ్వకు, చాలు. ఇవాళ ఆసుపత్రిలో చెప్పేస్తాను, అమ్మ పేరు తీసేయమని."

"తీసేయడమేంటే?" అత్తయ్య గోడ పట్టుకుని నా వెనక నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. "ఇచ్చేది నేను. వద్దనడానికి నువ్వెవరు?"

"పుచ్చుకునేదాన్ని."

"పెద్దదానా!"

"నా కోసం పది వారాలు కొలుచుకుని తిన్నావు. దొంగతిండి అన్నాను నిన్ను. ఏ మొహం పెట్టుకుని పుచ్చుకోను? ఎవరైనా చనిపోయినవాళ్ళది దొరికితే దొరుకుతుంది. లేకపోతే లేదు."

"నేను పట్టించుకోలేదే ఆ మాట."

"తల మీద చెయ్యెందుకు వెయ్యలేదు మరి?"

అత్తయ్య ఇప్పుడు చెయ్యి ఎత్తబోయింది. వదిన ఆమెని దాటుకుని, చెప్పులేసుకుని మెట్లు దిగిపోయింది. అత్తయ్య రెండు మెట్లు దిగబోయి, మోకాలు ముడుచుకుపోయి మెట్ల పక్క కడ్డీ పట్టుకుని ఆగిపోయింది.

మా ఆయన బండి తాళాలతో పరుగెత్తుకొచ్చాడు. "నేను తీసుకొస్తాను."

"నువ్వు కాదు." అత్తయ్య నా భుజం పట్టుకుని ముందుకు తోసింది. "ఇది వెళ్తుంది."

"అమ్మా, అక్క దీనితో మాట్లాడుతుందా?"

"మాట్లాడకపోతే మాట్లాడకపోనీ. పక్కన ఉంటుంది."

కాళ్ళకి దొరికిన చెప్పులేసుకుని మూడంతస్తులు దిగాను. ఒకటి నాది, ఒకటి ఆయనది. వీధి చివర బస్‌స్టాపులో వదిన నిలబడి ఉంది. ఎండలో ఆమె నీడ పక్కన నా నీడ పడగానే నేనొచ్చానని తెలిసిపోయింది. తల తిప్పలేదు.

"వదినా, ఆ మాట ఇవాళే చెప్పకండి. నన్ను ఏమైనా అనండి. ఇవాళొక్కరోజు చెప్పకండి."

ఆమె రోడ్డు వంక చూస్తోంది. సంచి బరువుకి మంచి చెయ్యి లాగుతున్నా, సూదులు గుచ్చే చేతిని పొట్టకి ఆనించి దాచుకుంది. ఆ చేతి మీద ఉబ్బిన నరం ఎండలో దారంలా కనిపిస్తోంది. సంచి నేను పట్టుకోబోయాను. పక్కకి జరుపుకుంది.

బస్సొచ్చింది. ఆమె ఎక్కింది. నేనూ ఎక్కాను. ఆమె కిటికీ పక్కన కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది. పక్క సీటు ఖాళీగా ఉంది. కూర్చోమనలేదు, కూర్చోవద్దని కూడా అనలేదు. కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. బస్సు కదిలాక గుర్తొచ్చింది, నా దగ్గర పైసా లేదు.

కండక్టరు వచ్చాడు. వదిన ఆసుపత్రి పేరు చెప్పి పర్సు తీసింది. అతను ఆమెని చూశాడు, రెండు రకాల చెప్పులతో నిలబడ్డ నన్ను చూశాడు.

"ఒకటా అమ్మా, రెండా?"

వదిన కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"అమ్మా, మిమ్మల్నే. ఆమె మీతోనా?"